మందు ముట్టని మెదడు

నేను చదువు మానేశానని లోకం అంటుంది. నిజానికి చదువే నన్ను తట్టుకోలేక పారిపోయింది. సరే, అది వేరే కథ. ఇది మా బావ కథ.

మా అక్క మొగుడు మనిషి మెదళ్ళు భద్రపరిచే ల్యాబులో పనిచేస్తాడు. పోయినవాళ్ళ మెదడును ముక్కలుగా కోసి, గడ్డకట్టించి, పెట్టెల్లో సర్దడం ఆయన పని. "మా బావ ముక్క చూశాడంటే ఆ మనిషి పిసినారో కాదో చెప్పేస్తాడు" అని టీకొట్టు దగ్గర నేను కోసిన కోతలకు సగం వీధి ఆయన కనబడగానే నెత్తి తడుముకునేది.

బావకు ఒక అన్న. పడుచు వయసులోనే ఆయనకు లేని గొంతులు వినబడటం మొదలైంది. స్కిజోఫ్రీనియా అన్నారు. మాత్ర ఇస్తే ఉమ్మేసేవాడు. "నాకు పిచ్చి లేదురా. మాత్ర పెట్టావో, నీ మొహం చూడను" అని తమ్ముడి చేత ఒట్టు వేయించుకున్నాడు. కొన్నాళ్ళకు గొంతులు సద్దుమణిగాయి. తాళాలు బాగుచేసే పనిలో కుదిరాడు. "గోలీ ముట్టకుండా బాగయ్యాను. దమ్మంటే ఇదీ!" అని కనబడ్డవాడికల్లా చెప్పేవాడు. ఆ మాటకు రెక్కలు కట్టి ఎగరేసే బాధ్యత నాది. ఆయన ఒక్క నవ్వు నవ్వి గొంతులన్నిటినీ తరిమేశాడని ప్రచారం చేశాను.

"నేను పోయాక నా మెదడు మీ ల్యాబుకేరా. మందు లేకుండా గెలిచిన మెదడు ఎలా ఉంటుందో చూసి నేర్చుకోండి" అనేవాడు పెద్దాయన. బావ తల దించుకుని టీ గ్లాసు అందించేవాడు. ఆ ఇంట్లో పొద్దుటి టీ బావే పెట్టాలి. ఇంకెవరినీ పొయ్యి దగ్గరికి రానిచ్చేవాడు కాదు. అన్న మీద ప్రేమ కాబోలు అనుకునేవాళ్ళం.

పెద్దాయన గుండె ఆగి పోయాడు. కోరినట్టే మెదడు ల్యాబుకు చేరింది. వారం తిరిగాక ఆ ల్యాబు డాక్టరమ్మ ఇంటికొచ్చింది. మెదడులో కనబడే మార్పుల్లో రోగం చేసినవేవో, మందు చేసినవేవో విడదీయడం ఆమె పరిశోధన. అందుకే ఎవరింటికి వెళ్ళినా ముందు మందుల సంగతే అడుగుతుంది.

"ఒక్క మాత్ర కూడా వాడలేదా, అమ్మా?"

"ఒక్కటీ లేదు తల్లీ. మావాడు మహా మొండివాడు" అంది బావ తల్లి. ఆ గొంతులో గర్వం.

డాక్టరమ్మ ముఖం వెలిగింది. "ఇలాంటివి దొరకడం చాలా అరుదు. మిగతావాటన్నిటినీ దీనితోనే పోల్చి చూస్తాం."

నేను ఊరుకుంటానా? "రాసుకోండి డాక్టరమ్మా, ఆయన ఒక్క నవ్వు..."

"నోర్ముయ్!" అన్నాడు బావ. నన్ను ఏనాడూ అంత మాట అనని మనిషి. తర్వాత నేల చూపులు చూస్తూ, "వాడాడు మేడమ్. చుక్కల మందు. రోజూ టీలో నేనే కలిపాను" అన్నాడు.



"మరి వారం నుంచీ చెప్పలేదేం?" అంది డాక్టరమ్మ. "మందు సంగతి తప్పయితే మన పనంతా తప్పవుతుందని మీకు తెలీదా?"

"తెలుసు మేడమ్. తెలిసే మందు వాడనివాళ్ళ అరలో ఆ పెట్టెను నా చేత్తోనే పెట్టాను. అమ్మకు చెప్పే మొహం లేక."

తల్లి కొడుకు వైపు తిరిగింది. "వాడు గెలిచాననుకుని పోయాడురా" అంది.

"బాగుండాలనే కదమ్మా..."

"బాగు చేశావు. కాదన్నానా? కానీ నీ చేతి టీ వాడు నమ్మి తాగాడు."

ఒంటి మీద చొక్కా లేకుండా బజారులో నిలబడ్డవాడిలా ముడుచుకుపోయాడు బావ.

మర్నాడు ల్యాబులో పెట్టె అర మారింది. ఇంట్లో బావ ఎప్పటిలాగే టీ పెట్టాడు. తల్లి గ్లాసు అందుకుని, లోపలికి తొంగి చూసి, తిరిగి ఆయన ముందుకే జరిపింది.

"ముందు నువ్వు తాగు."

నోరు కాలుతున్నా ఆపకుండా సగం తాగాడు. మిగతా సగం ఆమె తాగింది.

ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర అడిగారు, డాక్టరమ్మ ఎందుకొచ్చిందని. నాకేం తెలీదన్నాను. నా కోతలన్నీ నమ్మినవాళ్ళు ఆ ఒక్క ముక్కా నమ్మలేదు.