చేత్తో చేసిన రిపేరు

2023లో మదనపల్లెలో డెవాప్స్ శిక్షణ మొదలుపెట్టాను. డెవాప్స్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. కోడ్ రాసే డెవలపర్లు, సర్వర్లు చూసుకునే అడ్మిన్లు ఎవరి గోల వాళ్లది అనుకోకుండా కలిసి పనిచేసే పద్ధతి. అది నేర్పడానికి నేను చేసిన ఘనకార్యం, ఇద్దరికీ వేరువేరు బ్యాచ్‌లు పెట్టడం!

అడ్మిన్ల బ్యాచ్‌లో రెడ్డెమ్మక్క ఉండేది. సొంతూరు సోమల. పుంగనూరులో ఒక పాల కంపెనీ సర్వర్లను పదహారేళ్లుగా ఒక్కతే చూసుకుంటోంది. ఇప్పుడు కంపెనీ వాళ్లు డెవాప్స్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. తేకపోతే ఆమె పని బెంగళూరు వాళ్లకు పోతుంది.

మాదిరి పరీక్షలకు నేనే కోడ్ ఫైల్లో తప్పు పెట్టి, సర్వర్ చెడగొట్టి ఇచ్చేవాణ్ని. అబ్బ, ఏం కన్ను ఆమెది! సర్వర్ రాసుకునే లాగ్ ఒక్కసారి చూసి తప్పు పట్టేసేది. నేరుగా సర్వర్‌లోకి పోయి సరిచేసేది. కాసేపటికి పైప్‌లైన్ నడిచేది. అంటే, కోడ్‌ను దానంతటదే సర్వర్‌కు ఎక్కించే ఏర్పాటు. ఫైల్లో అలాగే ఉన్న పాత తప్పే మళ్లీ వచ్చి కూర్చునేది, అక్క రిపేరు తుడుచుకుపోయేది. మూడు పరీక్షల్లోనూ ఇదే తంతు.

"సర్వర్‌లో చెయ్యి పెట్టొద్దక్కా, కోడ్ ఫైల్లో రాయమంటే వినవే!" అని కసిరాను.

"యాడ రాయాలప్పా? ఆ ఫైలు మొగం నేనెప్పుడు సూస్తి? కోడ్ రాసే పిల్లోల్లను తెచ్చి ఈడ నా పక్కన కూసోబెట్టు. వాళ్లకు సర్వర్ తెలీదు, నాకు కోడ్ తెలీదు. మద్దెలో గోడ కట్టిండేది నువ్వే."

చుర్రుమంది. కానీ నిజం. మర్నాడే బ్యాచ్‌లు కలిపేశాను. కుప్పం నుంచి వచ్చిన సెల్వి అనే డెవలపర్ అక్క పక్కన కూర్చుంది. అక్క లాగ్ చదవడం చెబితే, సెల్వి ఫైల్లో మార్పు రాయడం చెప్పింది. నేను చాలావరకు పక్కన నిలబడి చూశాను.

అసలు పరీక్షలో అక్క పాసైంది. ఉద్యోగం నిలిచింది. పాలకోవా పట్టుకుని వచ్చింది.

"తప్పు కనపడినాక నా చేతులు ఊరకుంటాయా! బిగబట్టుకోని ఫైల్లోనే రాసినా. అది సరే, మమ్మల్ని కలిపి కూసోబెట్టినావే, దాన్ని సిలబస్‌లో రాసినావా?"

రాయలేదన్నాను.

"అయితే నువ్వుగూడా చేత్తోనే సరిచేసినావు కదప్పా! వచ్చే బ్యాచ్‌కు తుడుచుకుపోతాది పో."

కోవా నోట్లో ఉండగానే సిలబస్ ఫైలు తెరిచాను. ఆ పాఠం రోజూ చెప్పేది నేనే, నేర్చుకున్నది మాత్రం ఆ రోజే.