చీర అంచులో ఇసుక

ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో నా భార్య కిటికీ పక్కన చాప వేసుకుని బొంత కుడుతుంది, నేను వంట చేస్తాను. వారమంతా నాపరాళ్ళ యూనిట్‌లో రాయి పొడవూ వెడల్పూ చూసి చదరపుటడుగులు కట్టడం నా పని. ఆ లెక్క నాకు బడిలో ఎవరూ నేర్పలేదు, రాళ్ళ మధ్య తిరుగుతూ నేర్చుకున్నాను. ఆదివారం వస్తే అదే బుర్రను వేరేవాటికి వాడుకుంటాను. జొన్నపిండికి ఎన్ని నీళ్ళు పడితే రొట్టె అంచు పగలదు, చెనిగ్గింజలు ఎంతవరకు వేగితే వాటితో నూరే ఊరిబిండి పచ్చడి చేదెక్కదు, ఇలాంటివి. మా కర్నూలు ఎండలో పొయ్యి దగ్గర నిలబడటం ఏం సుఖమని అడిగేవాళ్ళున్నారు. నాకు సుఖంగానే ఉంటుంది.

బొంతలోనూ నా వాటా కొంత ఉంది. ఆమె చీరలు పరిస్తే, పైపొర ముక్కలు ఎలా కోస్తే గుడ్డ వృథా కాదో, ఒకే రంగు ముక్కలు రెండు ఒకదాన్నొకటి తాకకుండా ఎలా అమర్చాలో నేలమీద సుద్దతో గీసి ఇస్తాను.

"నీ గీతల మీద నా సూది నడవల్లంటావు. రాళ్ళనుకున్నావా ఇవి?" అని ఆమె గొణుగుతుంది గానీ, గీత దాటి కుట్టదు.

మా వైపు అప్పుడే పుట్టిన బిడ్డను కొత్త గుడ్డ మీద పడుకోబెట్టరు. ఇంట్లో పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి కట్టి, ఉతికి, మెత్తబడిన నూలు చీరలతో చిన్న బొంత కుట్టి దాని మీద వేస్తారు. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, ఊడే రంగు ఉంటుంది, బిడ్డ ఒళ్ళు ఒరుసుకుంటుంది. అదీగాక ఆ ఇంటి మనుషుల గుడ్డ బిడ్డకు ముందు తగలాలని ఒక పట్టింపు. మా రెండు కుటుంబాల్లో పుట్టిన పిల్లలందరికీ ఆ బొంత నా భార్యే కుట్టింది. మాకు పిల్లలు లేరు. అందుకే కాబోలు, ఆ పని ఇంకొకరి చేతికి ఇవ్వదు.

ఈసారి కడపలో ఉండే నా చెల్లెలి కూతురికి తొలి కాన్పు. బొంత సిద్ధం చేసుకుని పోవాలి. తీరా బీరువా తెరిస్తే ఒక్క పాత నూలు చీర లేదు. ఉన్నవన్నీ సిల్కులా మెరిసే రకం. అవి ఎన్నేళ్ళు కట్టినా మెత్తబడవు, చెమ్మ పీల్చవు, చేతిలో పట్టుకుంటే జారిపోతాయి. నూలువి ఎప్పుడో స్టీలు గిన్నెలామెకు వేసేశాం. కడపకు ఫోన్ చేస్తే నా చెల్లెలిదీ అదే మాట.

"యాడుంటాయి వదినా నూలు చీరలు? అందరం ఇవే కట్టుకుంటాండాం. అంగట్లో ఒకటి కొనుక్కుందాం లే."

"అంగట్లోదా? నేను బతికుండంగనా?" అంది నా భార్య. చెల్లెలు నవ్వి పెట్టేసింది. ఈమె మాత్రం బీరువాలో చీరలన్నీ కిందికి దించి, మళ్ళీ ఒక్కొక్కటీ తడిమి చూసింది.

మా వీధికి దగ్గరలోని ఫంక్షన్ హాల్లో నెలకోసారి ఒక సంత పెడతారు. బయట గుడ్డ మీద "చేతిపని – ఇంటి వంట" అని పెద్ద అక్షరాలు. అక్కడ పాత నూలు చీరలు దొరుకుతాయని ఎవరో చెప్తే ఆ ఆదివారం పోయాం. చేత్తో చేసినవంటే మా ఇద్దరికీ ఇష్టం కాబట్టి ఉత్సాహంగానే పోయాం.

స్కూటర్ పెట్టడానికి హాలు వెనక్కి పోయాను. అక్కడ ఒకాయన ఏదో మిఠాయి అంగడి డబ్బాల్లోంచి ఓళిగలు తీసి, అరిటాకు పరిచిన వెదురు బుట్టల్లో పేరుస్తున్నాడు. ఖాళీ డబ్బాలు మురుగు కాలవలో పడేస్తున్నాడు. తర్వాత లోపల అదే బుట్ట వెనక నిలబడిన అమ్మాయి, "మా అవ్వ చేత్తో తట్టిందంకుల్, రుచి చూడండి" అని ఒకటి నా చేతిలో పెట్టింది. కొరికాను. పూర్ణం కంటే ముందు పామాయిల్ అంగిలికి అంటుకుంది. మంచినీళ్ళు తాగినా పోలేదు. పక్క బల్ల దగ్గర ఒక జంట ఉగ్గాని బజ్జీ తీసుకుని, ప్లేటును అటు తిప్పి ఇటు తిప్పి ఫోటోలు తీసుకుని, రెండు బొరుగులు నోట్లో వేసుకుని మిగతాది చెత్తడబ్బాలో వంచారు. డబ్బాలోకి తొంగి చూశాను. విరగని బజ్జీలు, తాకని ఉగ్గాని, వాటి మీద ఎవరో ఉమ్మిన వక్క.

"పోదాం పద" అన్నాను.

"ఉండప్పా, ఇది చూడు" అంది నా భార్య.

బొంతల బల్ల మీద పాత నూలు చీరల దొంతర ఉంది. వెలిసిన నీలం, ఆవపూల పసుపు, సన్న జరీ అంచుది ఒకటి. పైన ఒక అట్టముక్క: "మన అవ్వల చీరలు." నా భార్య పైచీర తీసి చెంపకు ఆనించుకుంది. మెత్తదనం చూడటానికి ఎప్పుడూ అలాగే చేస్తుంది. కళ్ళు మూసుకుంది కూడా.

సంత నడిపే ఆమె చెంగున వచ్చింది. మంచి మాటకారి. "పల్లెపల్లె తిరిగి అవ్వల దగ్గర అడిగి తెచ్చినాం అక్కా. నందికొట్కూరు తట్టు నుంచి కొన్ని. మీకు కుట్టేది వచ్చునా? అయితే ఊరికే తీస్కపోండి. మీకొకటి కుట్టుకోని, మాకొకటి కుట్టీండి, సరిపాయె."

నా భార్య మొహం చూస్తే నాకు కాదనాలనిపించలేదు. సంచి నిండా చీరలు తెచ్చుకున్నాం. ఆ సాయంత్రమే వాటి ఫోటో తీసి కడపకు పంపింది.

తర్వాతి ఆదివారం ఆమె చాప మీద, నేను పిండి పళ్ళెం ముందు. వేన్నీళ్ళు పోసి జొన్నపిండి కలుపుతున్నాను. ఆమె బ్లేడుతో చీర కింది అంచుకు కుట్టిన ఫాల్ విప్పుతోంది. ఫాల్ మందంగా ఉంటుంది, బొంతలో గుచ్చుకుంటుంది, అందుకని ముందు దాన్ని తీసేయాలి.

"ఏమప్పా, ఈడికి రా."

"చేతికి పిండి ఉండాది."

"ఉండనీలే. రా."

విప్పిన ఫాల్‌కూ చీరకూ మధ్య నుంచి చాప మీదికి ఇసుక జారింది. సన్నని, బూడిదరంగు ఇసుక. రెండో చీర విప్పింది. దాంట్లోనూ ఇసుక, దాంతోపాటు గోరంత నత్తగుల్ల. మూడోదాంట్లో ఎండిన పాచి, తీగలా చుట్టుకున్న వెంట్రుకలు.

నేను చీరలు వెలుతురులో పరిచి చూశాను. ఇంట్లో కట్టిన చీర ఒక తీరుగా పాతబడుతుంది. కుచ్చిళ్ళు దోపే చోట ముందు నలుగుతుంది, కొంగు చివర చేతులు తుడిచి తుడిచి పలచబడుతుంది, పొయ్యి దగ్గర ఒకటో రెండో నిప్పురవ్వల చిల్లులు పడతాయి. వీటికి అవేవీ లేవు. అడ్డంగా, ఒంకరగా, బురద నీళ్ళు ఆరిపోయినప్పుడు మిగిలే గోధుమరంగు గీతలున్నాయి. నా భార్య ఒకదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. పైన పూల అత్తరు లాంటి వాసన. మడత లోపల వేరే వాసన.

"ఏట్లోవి" అంది.

తుంగభద్ర ఘాట్లలో స్నానానికి మునిగినవాళ్ళు కట్టుకున్న గుడ్డలు అక్కడే నీళ్ళలో వదిలేస్తారు. పీడ పోతుందని నమ్మకం. చచ్చిపోయినవాళ్ళకు కర్మ చేసుకుని వదిలేవాళ్ళూ ఉన్నారు. ఏరు సన్నబడినప్పుడు అవన్నీ మెట్లకు అతుక్కుని, కుళ్ళిన పూలతో, పాలప్యాకెట్లతో, ఊరి మురుగుతో కలిసి నానుతుంటాయి. పనివాళ్ళు కొక్కేలతో లాగి గట్టు మీద కుప్పలు పోయడం నేను చాలాసార్లు చూశాను, ముక్కు మూసుకుని దాటిపోయాను.

నా భార్య లేచి కుళాయి దగ్గరికి పోయింది. శీకాయ పొడి అరచేతిలో వేసుకుని చెంప రుద్దుకుంటోంది. ఆ రోజు సంతలో చీర ఆనించుకున్న చెంప. ఎర్రబడినా ఆపలేదు. నేను చేతులు కడుక్కుని మళ్ళీ పిండి ముందు కూర్చున్నాను. చెయ్యి పిండిలో పెట్టగానే ఆ వాసన నా వేళ్ళ నుంచే వస్తున్నట్టనిపించింది. ఇంకోసారి కడిగాను. రొట్టెలు కాల్చాను గానీ ఇద్దరం తినలేకపోయాం. వీధిలో తిరిగే ఆవుకు పెడదామంటే, "దానికి మాత్రం ఎందుకు?" అంది ఆమె.

మరునాడు పనికి సెలవు పెట్టి సంచి తీసుకుని ఇద్దరం సంత ఆమె ఇంటికి పోయాం. మిద్దె మీద ఉందంటే ఎక్కాం. రెండు పెద్ద డ్రమ్ములు. ఒకదాంట్లో ఏటి గుడ్డలు ఉడుకుతున్నాయి, పైన నల్లటి నురగ. రెండోదాంట్లో టీ డికాషన్. అందులో కొత్త తెల్లగుడ్డ, అంగడి చీటీ ఇంకా అంచుకు ఉన్నది, పాతదిగా మారడానికి నానుతోంది.

ఆమె ఏమీ దాచలేదు. అసలు దాచాల్సిన సంగతి అందులో ఉందని ఆమెకు తోచినట్టు లేదు.

"ఏటివే అన్నా. అయితే ఏమి? ఉడకబెడ్తాం, వాసన నీళ్ళలో ముంచుతాం. మీ ఇంట్లో పరిచిన నాపరాళ్ళు మాత్రం భూమిలో నుంచి రాలేదా?"

"అవ్వలవి అని రాసినారు కదమ్మా."

"ఏట్లో వదిలినోళ్ళల్లో అవ్వలుండరా?" అని పకపకా నవ్వింది. డ్రమ్ము కలుపుతున్న ఇద్దరు ఆడవాళ్ళు కూడా నవ్వారు. ఆ ఇద్దరి మీద నాకేం కోపం లేదు. మోచేతుల దాకా చర్మం పగిలి ఉంది వాళ్ళకు.

అటు పక్క గదిలో ఉయ్యాల కనబడింది. లోపల ఆమె మనవరాలు నిద్రపోతోంది. నా భార్య అడిగింది, "పాపకు ఈ బొంతలే వేస్తాండారా?"

"దానికెందుకక్కా ఇవి? బెంగళూరు నుంచి మెత్తటి పరుపు తెప్పిచ్చినాం."

తడుముకోకుండా చెప్పింది. పైగా, కాఫీ తాగిపొమ్మంది. వచ్చే సంతలో నా భార్యను నలుగురికి బొంత కుట్టడం నేర్పమంది, మంచి పేరొస్తుందంది. నా భార్య సంచి గోడవారన పెట్టి మెట్లు దిగేసింది. నేనూ దిగాను. ఇప్పటికీ నన్ను వదలనిది ఏటి కంపు కాదు. ఆ కాఫీ పిలుపులోని ఆప్యాయత. అది నిజమైనదే. అందుకే ఇంకా రోతగా ఉంది.

ఇంటికొచ్చేసరికి కడప నుంచి ఫోన్. పిల్లకు నొప్పులు మొదలయ్యాయి, ఆస్పత్రికి తీసుకుపోతున్నారు.

నా భార్య గది మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. దండెం మీద నా లుంగీలున్నాయి. నూలువి, గళ్ళవి, ఉతికి ఉతికి రంగు పోయినవి. వాటిని లాగింది. ఇంకా చాలదని నా వైపు తిరిగింది. ప్యాంటు మార్చి అప్పుడే లుంగీ కట్టుకున్నాను.

"ఇప్పు."

"ఏందే?"

"ఇప్పప్పా, బస్సుకు పొద్దుపోతాది."

"మొగోని లుంగీలతో బొంత కుడతారా యాడన్నా? నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ. ఎవురిదో మనకు తెలుసు కదా."

కూర్చునే చోట చిరుగులు పట్టిన భాగం తీసేస్తే ప్రతి లుంగీలోనూ రెండు పక్కలా మంచి గుడ్డ మిగిలింది. సుద్ద తీసుకుని గీద్దామని చూశాను. అన్నీ గళ్ళే, ఎటు అమర్చినా ఒకేలాంటివి తాకుతాయి. "ఈసారికి నీ లెక్క పక్కన పెట్టు" అంది. పొరలు పేర్చి పెద్ద కుట్లు వేసింది. మిగతాది కడప బస్సులో, కుదుపుకు సూది వేలికి గుచ్చుకుంటూ, ఆ వేలు చీకుతూ కుట్టింది. చివరి వరస ఆస్పత్రి వసారాలో పూర్తయింది.

మగబిడ్డ. మేము లోపలికి పోయేసరికి తల్లి పక్కన ఉన్నాడు. నా చెల్లెలు బొంత విప్పి చూసింది.

"ఏంది వదినా ఇది? అన్న లుంగీ మాదిరి ఉండాదే?"

"మాదిరేమి, అదే."

మంచం మీద పిల్ల నీరసంగా నవ్వింది. "అత్తా, ఫోన్లో పంపినావే, ఆ నీలం చీర! అది శానా బాగుండె. అది తేలేదా?"

"అది పాడయిపోయింది బంగారూ" అని మాత్రం అంది నా భార్య.

వాళ్ళకు ఫోటో కావాలి, అందరికీ పంపాలి. గళ్ళ బొంత మీద బాగుండదని ఎవరో ఇచ్చిన గులాబీరంగు టవల్ సంచిలోంచి తీశారు. ప్లాస్టిక్ కవరు చించగానే గదంతా అదే పూల వాసన, ఆ చీరల పైన ఉన్నదే. నేను కిటికీ దగ్గరికి జరిగాను. బిడ్డను దాని మీద పెట్టి, మొహం ఇటు తిప్పి, గుప్పిలి అటు జరిపి ఫోటోలు తీశారు. వాడు ఏడుపు లంకించుకున్నాడు. నా భార్య బొంత ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళ బిడ్డ, వాళ్ళ ఇష్టం అన్నట్టు, మూలన స్టూలు మీద కూర్చుని ఉంది.

ఫోటోలయ్యాక నా చెల్లెలు టవల్ విదిలించి పక్కన పడేసింది. "ఇంద వదినా, పట్టుకో వీణ్ణి. గుక్క పడ్తాండాడు" అని బిడ్డను ఆమె చేతుల్లో పెట్టింది. నా భార్య బొంత మంచం మీద పరిచి, దాని మీద బిడ్డను వెల్లకిలా వేసి, రెండు అంచులూ మీదికి కప్పింది. కాసేపటికి ఏడుపు ఆగింది. ఇంకాసేపటికి వాడు తడిపాడు.

ఆమె బిడ్డ నడుం కింద చెయ్యి పెట్టి కొంచెం ఎత్తి, ఒంటికి తగిలే చోట వేళ్ళతో తడిమి చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

"పైన పొడిగానే ఉండాదప్పా. బాగా పీలుస్తాండాది."