ఐదో సీజన్‌లో చెరిపేసిన బిడ్డ

నాకు ఆ సీరియల్ అంటే ఇప్పుడు రోత. ఒకప్పుడు ప్రాణం పెట్టి చూసినవాణ్ణి కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. భూమి పాడైపోయాక కొంతమంది మనుషులు ఒక పెద్ద ఓడలో ఆకాశమంతా తిరుగుతూ ఉండటానికి చోటు వెతుక్కునే కథ అది. తెలుగులో డబ్బింగ్ చేసి ఓటీటీలో వదిలారు. ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, వరంగల్ కాశిబుగ్గలో మా ఇంట్లో నేనూ మా అక్కా టీవీ ముందు చాప పరుచుకొని కూర్చునేవాళ్ళం. అమ్మ పక్కనే మంచం మీద పడుకొని, నిద్రపోతున్నట్టే ఉండి మధ్యమధ్యలో ప్రశ్నలు వేసేది.

మొదట్లో తప్పులు చిన్నవి. కెప్టెన్‌కు ఎడమ చెంప మీద ఉండాల్సిన గాటు ఒక ఎపిసోడ్‌లో కుడి చెంప మీదికి వచ్చింది. వాళ్ళు దిగిన గ్రహానికి మొదట రెండు చందమామలు, మళ్ళీ పోయేసరికి ఒకటే. ఓడలో నీళ్ళు అయిపోయి అందరూ దాహంతో చస్తుంటే వెనకాల ఒకడు తీరుబడిగా గిన్నె కడుగుతుంటాడు. ఇలాంటివి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నేను ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తాను. ఏ రైతు మిర్చి బస్తాలు ఏ గదిలో ఉన్నాయో తడబడకుండా చెప్పడమే నా ఉద్యోగం. ఒక గదిలో పెట్టిన బస్తా ఇంకో గదిలో తేలితే నన్ను నిలబెట్టి తిడతారు. అంత ఖర్చు పెట్టి సీరియల్ తీసేవాళ్ళను మాత్రం అడిగేవాడు లేడు.

"అగో, గాటు మారింది చూడు," అనేవాణ్ణి.

"నోర్మూస్కొని చూడురా," అనేది అక్క.

"మరి రెండో చందమామ ఏమాయెనే?"

"అవుతల పక్క ఉన్నదేమో. నీకెందుకురా గంత ఫికర్?"

ఆ ఓడ నడిపే ఆవిడ ఒకతె ఉండేది. రెండో సీజన్‌లో ఆమె పసిబిడ్డ జ్వరమొచ్చి చనిపోతుంది. ఆ ఎపిసోడ్ చూస్తూ అక్క ఏడ్చింది. మామూలుగా కళ్ళు తుడుచుకోవడం కాదు, చాప మీద బోర్లా పడి ఏడ్చింది. అమ్మ లేచి టీవీ కట్టేయబోతే వద్దని చెయ్యి పట్టుకుంది.

మా అక్కకూ ఒక పాప పుట్టి పోయింది. ఇరవై ఒకటో దినం చేసి పేరు పెడదామని చుట్టాలకు చెప్పుకుంటుండగానే దవాఖానలో పోయింది. బాపు తువ్వాలలో చుట్టుకొని తీసుకపోయి, మట్టిచేసి వచ్చాడు. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమని అక్కను మా ఇంటికి పంపిన అత్తగారివాళ్ళు మళ్ళీ తీసుకపోవడానికి రాలేదు. పంచాయితీల మీద పంచాయితీలు నడిచి చివరికి విడాకులయ్యాయి. ఆ తర్వాత ఇంట్లో పాప మాట ఎవరం ఎత్తలేదు. ఎత్తితే అక్క బాధపడుతుందని మాకు మేమే అనుకున్నాం. తన బిడ్డ కోసం మనసారా ఏడ్వడానికి అక్కకు ఎక్కడో ఆకాశంలో ఇంకెవరి బిడ్డో చచ్చిపోవాల్సి వచ్చింది.

అప్పటినుంచి అక్క నాకంటే శ్రద్ధగా సీరియల్ చూసేది. ఆ ఓడ నడిపే ఆవిడ తెరమీదికి రాగానే కొంచెం ముందుకు జరిగి కూర్చునేది. ఆమె ఏదైనా ధైర్యంగా చేస్తే "సాబాష్" అనేది. మూడో సీజన్‌లో ఆవిడ బిడ్డ దుప్పటిని మడతపెట్టి తన సీటు కింద దాచుకుంటుంది. ఆ సీను అక్క నాతో వెనక్కి తిప్పించి మళ్ళీ మళ్ళీ చూసింది. సీరియల్‌లో ఎన్ని తప్పులున్నా ఆ ఒక్క ఆవిడ కోసం క్షమించేద్దామని నాకూ అనిపించేది.

ఐదో సీజన్‌లో ఆ దరిద్రులు ఏం చేశారో చెప్తాను. గ్రహాంతరవాసుల దగ్గరినుంచి ఒక డాక్టరు వస్తాడు. ఆవిడ తలకు ఏదో మిషన్ తగిలించి, "నీకసలు బిడ్డే పుట్టలేదు, ఆ జ్ఞాపకం మావాళ్ళు నీ బుర్రలో పెట్టింది" అంటాడు. ఆవిడ కాసేపు బిత్తరపోయి, ఆ తర్వాత "ఎంత తేలిగ్గా ఉందో" అని నవ్వుతుంది. ఇంకో రెండు సీన్లు గడవకముందే కెప్టెన్ భుజం మీద తలపెట్టి కూర్చుంటుంది. సంగతి చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. వాళ్ళకు కొత్తగా ఒక ప్రేమకథ కావాలి. చచ్చిపోయిన పాప దానికి అడ్డమొచ్చింది. అందుకని పాపను పుట్టనే లేదన్నారు.

దీన్ని రెట్‌కాన్ అంటారట. అయిపోయిన కథలోకి వెనక్కి పోయి, జరిగిందాన్ని జరగలేదనడం. గాటు ఎడమ నుంచి కుడికి పోవడం పొరపాటు, మేకప్ వేసేవాడు పరధ్యానంగా ఉన్నాడనుకోవచ్చు. ఇది పొరపాటు కాదు, తెలిసి చేసిన నీచపు పని. ఆ సీరియల్ అభిమానుల గ్రూపులో నేను పెద్ద పోస్టు రాశాను. మరి మూడో సీజన్‌లో ఆ దుప్పటి ఎవరిది, రెండో సీజన్‌లో పాపను చూసిన నర్సు సంగతేంటి, ఓడలో అందరి బుర్రల్లోనూ పెట్టారా అని అడిగాను. "లాజిక్ వెతక్కు బ్రో, ఎంజాయ్ చెయ్" అని ఒకడు. "ఇది మొదటినుంచీ వాళ్ళ ప్లానే" అని ఇంకొకడు. చీదరేసి గ్రూపులోంచి బయటికి వచ్చేశాను.

అక్క మాత్రం ఏ పోస్టూ రాయలేదు. రిమోట్ తీసుకొని టీవీ కట్టేసింది.

"థూ," అంది. "కన్నదానికి తెల్వదారా?"

ఆ తర్వాత కొన్నాళ్ళకే స్టేషన్ ఘన్‌పూర్ నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయికి కొంచెం వయసు మీద పడింది కానీ మొదటి పెళ్ళే. అమ్మాయికీ మొదటిదే అయ్యుండాలని వాళ్ళ పట్టు. మా ఇంట్లో ఇలాంటి పెద్ద పనులన్నీ మా పెద్దబాపు చేతిలో ఉంటాయి. బాపుకు అన్న ముందు నోరు పెగలదు. పెద్దబాపు వచ్చి, కుర్చీ నడింట్లో వేయించుకొని, మా అందరినీ పిలిచి కూర్చోబెట్టాడు.

"పెండ్లి కాలే. ఎంగేజ్‌మెంట్ అయి తప్పిపోయింది. గంతే," అన్నాడు. "అందరు ఒక్క మాట మీదుండాలె."

"ఊరందరు వచ్చి బువ్వ తినిపోయిన పెండ్లి, కాలేదంటే ఎట్ల పెద్దబాపూ?" అన్నాను.

"వరంగల్ల తిన్నోళ్ళు ఘన్‌పూర్ పోయి చెప్తరా? నువ్వు జర సప్పుడు చెయ్యకు."

అక్క తలుపు పక్కన నిలబడి వింటోంది. ఆమెకు కూడా పుట్టింట్లో ఒంటరిగా ఉండిపోవాలని లేదు. మళ్ళీ సంసారం కావాలని నాతో చాలాసార్లు చెప్పింది. అందుకే పెళ్ళి కాలేదనడానికి ఆమె ఒప్పుకుంది. ఆ మొగుడు ఉన్నాడంటే ఎంత, లేడంటే ఎంత అంది. ఒక్క సంగతే అడిగింది.

"మరి పాప?"

"పెండ్లే కానప్పుడు పాపేంది బిడ్డా?" అన్నాడు పెద్దబాపు, చాలా ప్రేమగా.

అచ్చం ఆ డాక్టరు ఆవిడ తలకు మిషన్ తగిలించినప్పటి గొంతే. అక్క వంటింట్లోకి పోయింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుంది. ఇప్పుడు వద్దంటే సంబంధం పోతుంది, ఊఁ అంటే మా పాప పోతుంది. అది తేల్చుకోవాల్సింది అక్కే, మధ్యలో నేను మాట్లాడి ఆమెకు మళ్ళీ ఇల్లు లేకుండా చెయ్యలేనని గొణుక్కుంటూ బయటికి పోయాను.

వాళ్ళు వచ్చే రోజు అమ్మ సజ్జ మీదినుంచి కొత్త స్టీలు గ్లాసులు దింపింది. మా ఇళ్ళలో మంచి సామాను చుట్టాలకని దాచిపెట్టుకోవడం అలవాటు. పెళ్ళికి ఇచ్చే ప్రతి గిన్నె మీదా పేర్లు కొట్టించడం ఇంకో అలవాటు. పుట్టినప్పటినుంచి ఎవరెవరో పేర్లున్న గ్లాసుల్లోనే నీళ్ళు తాగుతాం కాబట్టి, ఆ అక్షరాలు మా కంటికి ఆనవు. అమ్మ వాటిని తోమింది, తుడిచింది, నీళ్ళు పోసింది. పెద్దబాపు స్వయంగా ఒకటి తీసుకొని తాగాడు కూడా.

అబ్బాయి వాళ్ళమ్మ తాగాక గ్లాసు కిందపెట్టలేదు. కొంచెం దూరంగా పట్టుకొని, కళ్ళు చిట్లించి చదివింది. మా అక్క పేరు, పక్కనే ఒక మగవాడి పేరు, కింద "వివాహ కానుక" అని.

"గిది ఏంది అన్నా?" అంది పెద్దబాపుతో.

నా మొహం మీదికి నవ్వు తన్నుకొచ్చింది. సీరియల్ వాళ్ళకు చెంప మీద గాటు, మాకు గ్లాసు మీద పేరు. కానీ పెద్దబాపును తక్కువ అంచనా వేశాను. రెప్ప కూడా కొట్టలేదు.

"ఎంగేజ్‌మెంట్ కాంగనే మా దోస్తు ఆత్రపడి ముందుగనే కొట్టిపిచ్చిండు చెల్లె. పెండ్లి తప్పిపాయె. గ్లాసులు మాకు మిగిలె."

వాళ్ళు నమ్మారో లేదో గానీ నమ్మినట్టు తలలూపారు. ఆ ఊపడం చూస్తే ఇంకా అసహ్యమేసింది. అబద్ధం అని ఆ నట్టింట్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఎవరికి వారు దాన్ని మెల్లగా మింగేస్తున్నారు. ఆవిడ గ్లాసు కిందపెట్టి, కాస్త మొహమాటంగా అడిగింది.

"పోనీ తీయ్ అన్నా. పిల్లలు గిట్ట లేరు గదా?"

"అయ్యో చెల్లె! పెండ్లే కాలేదంటే పిల్లలెక్కడియి?" అని పెద్దబాపు గట్టిగా నవ్వాడు. బాపు నవ్వాడు. నా కళ్ళముందే అమ్మ కూడా నవ్వింది.

అక్క చాయ్ పట్టుకొని అప్పుడే వంటింటి గడప దాటింది. ట్రే కిందపెట్టింది.

"పెండ్లి కాలేదను, ఎంగేజ్‌మెంట్ అను, ఏమన్న అనుకో పెద్దబాపూ," అంది. "బిడ్డ లేదనకు. నా పాలు తాగింది. నా ఒళ్ళనే పాణం పోయింది. లేదని మాత్రం అనకు."

ఆ సంబంధం కుదరలేదు. అది ఇక్కడే చెప్పేస్తాను, ఎవరూ ఆశపడకుండా. పెద్దబాపు ఆ రోజు చెప్పులేసుకొని పోయినవాడు చాలాకాలం మా గడప తొక్కలేదు. అక్క ఆ మాటలంటుండగానే అబ్బాయి వాళ్ళ నాన్న లేచి బస్సు టైము గురించి మాట్లాడుతున్నాడు.

అబ్బాయి వాళ్ళమ్మ మాత్రం లేవలేదు. అక్క చెయ్యి పట్టుకొని తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆడపిల్లనా బిడ్డా?"

అక్క తలూపింది.

"ఎవల పోలిక?"

ఇన్నేళ్ళలో ఆ మాట అక్కను అడిగినవాళ్ళు లేరు. అక్క అమ్మ వైపు చూసింది. మంచం మీదినుంచి అమ్మ లేచి వచ్చి, అందరిముందూ అబ్బాయి వాళ్ళమ్మ ఎదురుగా నేలమీద కూర్చుంది.

"నా పోలికే వదినె," అంది. "ముక్కు అచ్చం నాదే."