లాప్‌టాప్‌కి వాటాలు

మొన్న కొత్త ఫోను కొనడానికి గాజువాక వెళ్ళాను. పాత ఫోనులో ఉన్నవన్నీ కొత్తదాంట్లోకి మారుస్తున్న షాపు అమ్మాయి, నేను పక్కనే నిలబడి తొంగి తొంగి చూస్తున్నానని కాబోలు, నవ్వుతూ “ఏటీ పోదాంటీ, ఊరికే కంగారు పడతన్నారు” అంది. పాపం, ఆ పిల్ల తప్పేముంది. కానీ ఆ మాట వినగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సరిగ్గా అదే మాట మా తమ్ముడు నాతో ఎన్ని ఆదివారాలు అన్నాడో నాకే తెలుసు, ఆఖరికి ఏం పోయిందో కూడా నాకే తెలుసు.

మా నాన్న వాళ్ళది యారాడ, తరాలుగా సముద్రం మీద బతికిన కుటుంబం. నాన్న మాత్రం వయసులో ఉండగానే పోర్టులో ఓడల్ని లాగే టగ్గు మీద పనిలో చేరి, దాన్ని నడిపే సరంగు అయి, రిటైరయ్యాక పెందుర్తిలో ఇల్లు కట్టుకున్నారు. పైన అన్నయ్య, కింద తమ్ముడు, అమ్మ పోయాక నాన్నకి ఇద్దరిళ్ళలోనూ వంతులవారీ భోజనం. నేను పెళ్ళయి ఉక్కునగరం క్వార్టర్లో ఉండేదాన్ని, మావారు ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్. ఇక మా అన్నదమ్ముల సంగతి చెప్పాలంటే, వాళ్ళంత ప్రేమగా ఉన్నవాళ్ళూ లేరు, వాటాల దగ్గర వాళ్ళంత పీనాసులూ లేరు. డాబా మీద బట్టలారేసుకునే తీగకి నడిమధ్యన ఎర్ర గుడ్డ కట్టుకున్నారు. కొబ్బరికాయలు దింపించినప్పుడు లెక్క బేసి వస్తే, ఆ మిగిలిన కాయ కొట్టి చెరో చిప్పా పట్టుకుపోయేవారు. చూసేవాళ్ళకి నవ్వులాట, మా వదినకీ మరదలికీ తలనొప్పి.

అలాంటి ఇంట్లోకి ఇద్దరూ కలిసి ఒక లాప్‌టాప్ కొని తెచ్చారు. నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, రెండువేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో ఇంట్లోకి లాప్‌టాప్ వచ్చిందంటే బొట్టు పెట్టి, అగరొత్తి వెలిగించి, టీవీకి కప్పినట్టే దానికీ అల్లిక గుడ్డ కప్పి, వచ్చిన చుట్టానికల్లా తెరిచి చూపించేవాళ్ళం. పొద్దున అన్నయ్యది, సాయంత్రం తమ్ముడిది. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ నిద్రపోతారు కనక అది నాది.

నాకెందుకంటారా? ఆ ఏడే నాన్న గొంతులో పుండు బయటపడింది. గొంతుపెట్టె తీసెయ్యక తప్పదు, ఇక మాట రాదు అని డాక్టర్లు తేల్చేశారు. ఆపరేషనుకి ఇంకా కొంత వ్యవధి ఉంది. ఆ కాస్త వ్యవధిలో నేను ప్రతి ఆదివారం ఉక్కునగరం నుంచి రెండు బస్సులు మారి పెందుర్తి వెళ్ళి, నాన్నని ఆ లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, మైకు పెట్టి మాట్లాడించాను. మొదట్లో ఆయన సిగ్గుపడి “దీనితోటి ఏటి మాటాడమంటావే” అని విసుక్కునేవారు. తర్వాత తర్వాత ఆయన్ని ఆపడం నా తరం కాలేదు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి పెద్ద ఓడని లోపలికి ఎలా లాక్కొచ్చేవారో, ఏ గాలికి నీళ్ళు ఏ రంగు తిరుగుతాయో, మా అమ్మ పెళ్ళినాడు ఎంత ఏడ్చిందో, కోనెం చేప పులుసులో మామిడికాయ ఎప్పుడు వెయ్యాలో, అన్నీ చెప్పారు. ఆపరేషనయ్యాక ఆయనకి అదే లోకమైపోయింది. సాయంత్రం పూట మరదల్ని అడిగి పెట్టించుకుని, తన మాటలు తానే వింటూ, దాంతోపాటు పెదవులు కదిపేవారు. చూస్తే ఆయనే మాట్లాడుతున్నట్టుండేది.

వాటన్నిటినీ సీడీల్లోకి ఎక్కించమని తమ్ముణ్ణి అడిగాను. వాడికి ఆ విద్య వచ్చు. అడిగినప్పుడల్లా “ఏటీ పోదక్కా, ఇంట్లోనే ఉంది కదా” అన్నాడు. తీరిక లేదట. వాటాలు వేసుకోవడానికి మాత్రం తీరిక దొరికింది.

అవునండీ, లాప్‌టాప్‌కి కూడా వాటాలు వేశారు. నీ పాటలతో నా జాగా నిండిపోయిందని అన్నయ్య, నీ సినిమాల మాటేమిటని తమ్ముడు, ఇద్దరూ మాటా మాటా అనుకుని, చివరికి ఎవరి దగ్గర్నుంచో ఒక సాఫ్టువేరు తెచ్చి, లోపలున్న డిస్కుని సరిగ్గా చెరిసగం చేసుకుందామని ఒక శనివారం కూర్చున్నారు. కూర్చుంటే, సీ డ్రైవు, డీ డ్రైవు కాక పేరూ ఊరూ లేని చిన్న ముక్క ఇంకొకటి మొదట్లో కనబడిందట. అదెవరిది? అన్నయ్యది కాదు, తమ్ముడిది కాదు. అది ఉంటే లెక్క సమం కావట్లేదు. తీసిపారేశారు.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు ఫోను చేశాడు. “అక్కా, లాప్‌టాప్ లెగట్లేదే. నల్లగా అయిపోయి తెల్లక్షరాలేవో సూపిత్తంది.” ఉన్నపళంగా బస్సెక్కి వెళ్ళేసరికి ఇద్దరూ బ్యాటరీ ఊడదియ్యడం, పెట్టడం, మీట నొక్కి పట్టుకోవడం, బోర్లించి తట్టడం, అన్నీ చేసేసి ఉన్నారు. నాన్న పక్కనే కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. ఏం చేశారో చెప్పమంటే తమ్ముడే “ఎవుడిదీ కాదు కదక్కా అది, పేరు కూడా నేదు” అని నసిగాడు.

మావారు డ్యూటీలో ఉంటే ఫోను చేశాను. ఆయన అంతా విని, మెషీను లేవగానే మొట్టమొదట చూసుకునేది ఆ చిన్న ముక్కనే అనీ, అది లేక ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో దానికి తెలియట్లేదనీ, మావయ్యగారి మాటలు మాత్రం లోపల భద్రంగానే ఉండి ఉంటాయనీ చెప్పారు. విండోస్ అక్కర్లేకుండా సీడీ మీదే నడిచే సిస్టం ఒకటి తన దగ్గరుంది, రేపు వచ్చి దాంతో తెరిచి మాటలన్నీ బయటికి తీస్తాను, ఈలోగా దాన్ని ఎవరూ ముట్టుకోవద్దన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ముట్టుకోబోమని ఇద్దరిచేతా ఒట్టు వేయించాను.

అప్పుడు పట్టుకుని దులిపేశాను ఇద్దర్నీ. యారాడలో పడవ ఒడ్డుకొచ్చాక చేపలు ఎలా పంచుతారో వీళ్ళకి తెలియదా? మనిషికో వాటా, వలకో వాటా, పడవకో వాటా. ఎంత లేనివాడైనా, ఎంత తక్కువ చేప పడినా, పడవ వాటా మీద చెయ్యి వెయ్యడు, అది పోతే రేపు వేటే లేదు. సరంగు కొడుకులై పుట్టి, ఎవడిదీ కాని వాటాయే అందరిదీ అన్న ఇంగితం లేకపోయింది. వీళ్ళ చదువులు చట్టుబండలుగానూ! నేనలా అరుస్తుంటే నాన్న తల ఊపుతూనే ఉన్నారు.

మర్నాడు సాయంత్రం మావారూ నేనూ వెళ్ళాం. గుమ్మంలోనే అన్నయ్య ఎదురొచ్చి, మొహం వెలిగిపోతుండగా “లెగిసిందే సెల్లీ! సూడు, కొత్తదాన్లాగుంది” అన్నాడు. ఆఫీసు మెయిలు చూసుకోవాలట. కొన్నప్పుడు మెషీనుతోపాటు వచ్చిన రికవరీ డిస్కులు వేసేశాడు. వీధి చివరే నెట్ సెంటరుంది, నాలుగడుగులు వేస్తే అరిగిపోతాడా! ఆ డిస్కులు పాతదంతా తుడిచేసి, కొన్ననాటి స్థితికి తెస్తాయి. నిజంగానే కొత్తదానిలా ఉంది. అందులో ఏమీ లేదు.

నేనేమన్నానో ఇక్కడ రాయలేను. వదిన పిల్లల్ని మేడమీదికి తీసుకుపోయింది, అంతవరకు చెప్పగలను. నాన్న మా మొహాలు చూసి గ్రహించారు. లేచి నిలబడ్డారు. టగ్గు ఇంజను హోరులో కూడా ఒడ్డున నిలబడ్డవాడికి వినిపించేట్టు కేకలేసిన మనిషి, కొడుకులిద్దర్నీ తిట్టడానికి నోరు తెరిచారు. మెడనరాలు పొంగాయి, మొహం కందిపోయింది, వేలు ఊగింది. ఆపరేషనులో ఊపిరి కోసం మెడకి పెట్టిన రంధ్రంలోంచి గాలి మాత్రం వచ్చింది. అన్నయ్య అప్పుడేడ్చాడు. ఏడవనీ అనుకున్నాను. ఈనాటికీ ఆ విషయంలో వాడిమీద నాకు జాలి లేదు.

చెరిగిపోయినవాటిని వెతికే సాఫ్టువేరు పెట్టి మావారు సెలవు పెట్టి మరీ కూర్చున్నారు. ఆయన వారం తంటాలు పడితే, నాన్న చెప్పిన అన్నిటిలోకీ ఒక్క తునక దొరికింది. అది కూడా కథ కాదు, కబురు కాదు. మేం రికార్డు చేస్తుంటే డాబా మీద అన్నదమ్ములు నిద్ర మానుకుని తీగ గురించి తగువు పడుతున్న రోజుది. నాన్న చెబుతున్నది ఆపేసి, పైకి చూసి పెట్టిన కేక అది: “ఒరే, ఆపండెహె! ఎదవ గోల! మీ వాటాలు తగలెట్టా!”

నాన్న అది విని, ఒళ్ళంతా కదిలిపోయేలా చప్పుడు లేకుండా నవ్వారు. తెర మీద అది ఎక్కడుందో, ఏది నొక్కితే పలుకుతుందో నేర్చుకున్నారు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ, కొడుకులు గొంతు పెంచిన ప్రతిసారీ మెల్లగా లేచెళ్ళి ఆ ఒక్కటీ నొక్కేవారు. ఇల్లు దద్దరిల్లేది. ఇద్దరూ నోరు మూసుకునేవారు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, అపార్ట్‌మెంటు లేచింది, అన్నదమ్ములకి చెరో ఫ్లాటు. మనిషికో ఫోను, ఎవరి తలుపు వాళ్ళదే, పంచుకోవాల్సిందేమీ లేదు కనక పోట్లాటా లేదు, పలకరింపూ అంతంతమాత్రమే. అన్నయ్య మనవలు అన్నం తినడం, ఆవలించడం కూడా ఇంట్లోవాళ్ళు వీడియోలు తీసి పెడుతుంటారు, తీసినవాళ్ళే మళ్ళీ చూడరు. ఆ మాత్రమైనా దక్కింది, అదృష్టవంతురాలివి అంటారు నాతో చాలామంది. కావచ్చు. కానీ నాన్న నన్ను ఏనాడూ తిట్టలేదు. మైకు పెట్టిన ప్రతి ఆదివారం, మొదలెట్టేముందు, “అమ్మీ, అయిందా, మాటాడనా?” అని సాగదీసి అడిగేవారు. మిగిలిన ఆ కేక కొడుకులిద్దరిదీ. నన్ను పిలిచిన పిలుపు ఒక్కటీ మిగల్లేదు.