తెర మీది ఐ టీచర్

మా బళ్ళో ఆమెను అసలు పేరుతో పిలిచేది జీతాల రిజిస్టరు రాసే గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆమె ఐ టీచర్. ఆ పేరు పెట్టింది ఒకటో తరగతి పిల్లలు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఆమె తన గుండె మీద వేలు పెట్టుకుని "ఐ" అని చెప్పిందట. పిల్లల వైపు చూపించి "యు" అందట. మర్నాడు తరగతిలో అడుగు పెట్టగానే నలభై మంది లేచి, ఆమె వైపు వేళ్ళు చూపిస్తూ "గుడ్ మార్నింగ్ ఐ" అన్నారు. ఆమె పేరే ఐ అనుకున్నారు పాపం. పిల్లల తప్పేముంది, చూపించినదే నేర్చుకున్నారు.

ఇంకొకరైతే నవ్వి వదిలేసేవారు. నేనైతే తప్పకుండా వదిలేసేదాన్ని. లెక్కలు చెప్పుకునేదాన్ని, నాకు ఓపిక తక్కువ. ఆమెకు మాత్రం ఆ వారమంతా కంటి మీద కునుకు లేదట. తర్వాత తనే ఒక పద్ధతి కనిపెట్టింది. బల్లల మధ్యకు వెళ్ళి, పిల్ల వెనక మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పిల్ల చేతిని పట్టుకుని ఆ పిల్ల గుండె మీదే ఆనించేది. "ఐ" అని చెవిలో చెప్పేది. అదే చేతిని పక్క పిల్ల వైపు తిప్పి "యు" అనేది. కిటికీ దగ్గరి అబ్బాయిని చూపించి "హి", తలుపు దగ్గరి అమ్మాయిని చూపించి "షి". అలా ఒకరి తర్వాత ఒకరు, నలభై చేతులు. ఏటా మూడు వారాలు పట్టేది. "ఆ మాట ఎవరు పలికితే వాళ్ళది. అది పిల్లకి నేను చెప్తే తెలీదే, దాని చేతికి తెలియాలి" అనేది నాతో. ఇరవై రెండేళ్ళు అలాగే చెప్పింది. మోకాళ్ళు అరిగిపోయాయి కానీ, ఆమె దగ్గర నేర్చుకున్న పిల్లలు ఆ మాటల దగ్గర తడబడటం నేను చూడలేదు.

నోట్లో నాలుక లేని మనిషి. పైగా శిక్షణ పట్టా లేదు, ఇంకో బడిలో గుమ్మం ఎక్కనివ్వరు. భర్త తాళాలు బాగుచేసేవాడు. చేతులు వణకడం మొదలయ్యాక కొట్టు మూసేశాడు. ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది. నేను వెళ్ళినప్పుడల్లా ఆయన, "ఊళ్ళో తాళాలన్నీ తీశాను చెల్లెమ్మా, మీ అక్క నోరు మాత్రం తెరిపించలేకపోయాను" అని నవ్వేవాడు. ఆమె వినీ విననట్టు కాపీలు దిద్దుకునేది.

కిందటేడు యాజమాన్యం అన్ని తరగతుల గోడలకూ పెద్ద తెరలు బిగించింది. మంచి టీచర్ల పాఠాలు రికార్డు చేస్తామన్నారు. ప్రిన్సిపల్ గారు మొదట పిలిచింది ఐ టీచర్‌నే. ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"పిల్లలు లేకుండా పాఠమేంటే? ఎవరి చెయ్యి పట్టుకోను?"

"ఇన్నాళ్ళకి నిన్ను గుర్తించారు, వద్దంటావేంటక్కా? ఒప్పుకో. కాదంటే వాళ్ళకి కోపం. మనకెందుకొచ్చిన గొడవ" అన్నది నేనే.

ఒక కాయితం ఇచ్చారు. పాఠం మీద హక్కులన్నీ బడివేనని అందులో ఉంది. నేను చదివాను. చదివి కూడా, "అందరి చేతా పెట్టించేదేలే, సంతకం పెట్టు" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం.

రికార్డింగు ఆదివారం పెట్టారు. తోడుగా నేనూ వెళ్ళాను. ఖాళీ తరగతి. ఆమె ముఖానికి పౌడరు అద్ది, నెరిసిన జుట్టుకు నల్లరంగు వేసి, ఎవరిదో కోటు తొడిగారు. అలవాటుగా బల్లల మధ్యకు నడవబోతే కెమెరా అబ్బాయి ఆపాడు.

"ఆ గీత దాటకండి మేడమ్. దాటితే కనపడరు."

"పోనీ నలుగురు పిల్లల్నైనా కూర్చోబెట్టండి బాబూ."

"పిల్లలుంటే ఒకటే గోల మేడమ్. మిమ్మల్ని మీరే చూపించుకుని చెప్పెయ్యండి."

"అలా చెప్తే తప్పు నేర్చుకుంటారయ్యా."

"మీరు చెప్పింది తప్పెందుకవుతుంది మేడమ్" అని నవ్వాడు. మంచివాడే, వాడి పని వాడిది.

నాలుగోసారికి ఆమె ఓడిపోయింది. గీత మీద నిలబడి, తన గుండె మీద వేలు పెట్టుకుని, ఖాళీ బల్లలకేసి చూస్తూ "ఐ" అంది. మూడు వారాల పాఠం పదకొండు నిమిషాల్లో అయిపోయింది.

సెలవుల చివర్లో ప్రిన్సిపల్ గారు ఆమెను పిలిచినప్పుడు నేను హాజరు పట్టీ కోసం ఆ గదిలోనే ఉన్నాను.

"మన పన్నెండు బళ్ళలోనూ మీ పాఠమే వేస్తున్నాం మేడమ్. ఇక మీరు రోజూ వచ్చి కష్టపడక్కర్లేదు" అన్నారాయన.

"మరి ఎప్పుడెప్పుడు రమ్మంటారు సార్?"

"రానక్కర్లేదు మేడమ్."

ఏరు దాటి తెప్ప తగలేయడమంటే వినడమే కానీ కళ్ళారా చూడటం నాకదే మొదటిసారి. ఆమె నా వైపు చూసింది. నేను పట్టీలో పేజీలు తిప్పుతూ ఉండిపోయాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ నిమిషంలో నాకు నా ఉద్యోగమే గుర్తొచ్చింది.

తర్వాత రెండు బళ్ళకు వెళ్ళి అడిగింది. పట్టా ఏదన్నారు. మా యాజమాన్యానిదే ఇంకో బడికి వెళ్తే, "మీరు మా దగ్గర ఉన్నారుగా మేడమ్" అని గోడ మీది తెరను చూపించారట. ఇంట్లో ఆయన హాస్యాలు మానేశాడు. నేను వెళ్తే ఇద్దరూ చెరో గోడకు ఆనుకుని కూర్చునేవాళ్ళు. ఏం చెప్పి ఓదార్చాలో తెలియక త్వరగా లేచి వచ్చేసేదాన్ని. ఆ ఇంటికి వెళ్ళాలంటేనే నాకు భయం పట్టుకుంది.

బడి తెరిచిన నెలకు, ఇన్నేళ్ళు పనిచేసినట్టు కాయితం రాయించుకోవడానికి వచ్చింది. గుమాస్తా ఆగమన్నాడు. ఆగలేక ఒకటో తరగతి వైపు నడిచింది, వెనకే నేను. తలుపు ఓరగా తీసి ఉంది. ఆయా రిమోట్ ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తోంది. తెర మీద నల్లజుట్టు, కోటు, పౌడరు ముఖం. తెర "ఐ" అంది. నలభై వేళ్ళు తెర వైపు లేచాయి. "ఐ" అన్నారు పిల్లలు.

ఆమె లోపలికి వెళ్ళింది. నేను ఆపలేదు. చివరి బల్ల దగ్గర కష్టపడి మోకాళ్ళ మీద కూర్చుని, ఒక పిల్ల చేతిని పట్టుకుని ఆ పిల్ల గుండె మీద ఆనించబోయింది.

పిల్ల చెయ్యి లాక్కుంది. ఈ ఏడే చేరిన పిల్ల. నెరిసిన జుట్టుతో, వాడిన ముఖంతో ఉన్న ఈవిడను ఎగాదిగా చూసి, పెదాల మీద వేలు పెట్టుకుంది.

"మాట్లాడకండి ఆంటీ. టీచర్ పాఠం చెప్తున్నారు."

ఆమె ఒకసారి తెర వైపు చూసింది. "సరేనమ్మా, విను" అని బల్ల పట్టుకుని లేచింది. బయటికి వచ్చాక నేనేదో అనబోయాను. ఆమె చేత్తోనే నన్ను ఆపి, మా మాటలు లోపలికి వినపడకుండా తలుపు దగ్గరగా వేసింది.