రాయి మీద రాయాల్సిన మాట

మా ఊరు కంబదూరు దాటి పడమరగా పోతే వస్తుంది. పుట్టింది అక్కడే. ఉద్యోగంలో అన్ని ఊళ్లూ తిరిగి, చివరి బదిలీకి మా ఊరి హైస్కూలుకే వచ్చాను. సోషల్ చెబుతాను. అమ్మ పోయాక నాయన ఒక్కడే ఉంటున్నాడు, ఆయన్ని చూసుకోవచ్చునని కోరి మరీ వేయించుకున్న బదిలీ అది.

వచ్చిన ఏడాదికి, ఒకే నెలలో, రెండు కాగితాలు ఊళ్లోకి వచ్చాయి. మొదటిది పైఆఫీసు నుంచి మా స్కూలుకు. పిల్లల్లో కులద్వేషం లేకుండా చేయడానికి ప్రతి శనివారం ఒక క్లాసు నడపాలి, ఫొటోలు పంపాలి. రెండోది ఊరి బయటి దళితుల వాడ నుంచి పంచాయతీకి. నేను ఐదో తరగతిలో ఉండగా ఊరి మగవాళ్లు పోయి వాడను తగలబెట్టి ఐదుగురిని చంపారు. ఆ చోట ఒక రాయి నాటాలి, ఐదుగురి పేర్లూ చెక్కాలి, పేర్ల పైన ‘ఊచకోతలో చనిపోయినవారు’ అని ఉండాలి. ఇదీ ఆ అర్జీ.

అర్జీ రాసింది అనంతపురంలో డిగ్రీ చదువుతున్న అమ్మాయి. మొదటి వేలిముద్ర వాళ్ల అవ్వది. ఆమెకు ఎనభై దగ్గర పడ్డాయి. చనిపోయిన ఐదుగురిలో ఇద్దరు ఆమె భర్త, పెద్దకొడుకు. చిన్నప్పుడు నేను ఆమెను పేరు పెట్టి ‘ఏమే’ అని పిలిచేదాన్ని. మా అమ్మ అట్లాగే పిలిచేది, నేనూ అట్లాగే. ఆమె వయసు నాకు గుర్తొచ్చి ‘అవ్వా’ అనడం మొదలుపెట్టేసరికి నా జుట్టు నెరిసింది.

మొదటి శనివారం ఏడో తరగతిలోకి పోతుంటే హెడ్మాస్టరు వరండాలో ఆపాడు.

“మేడం, బొమ్మలేయించండి, ప్రతిజ్ఞ చేయించండి. ఆ పాత సంగతి మాత్రం ఎత్తొద్దు. ఇద్దరమూ ఈ ఊళ్లోనే ఉద్యోగం చేయాల.”

నేను ఎత్తలేదు. మనుషులంతా ఒకటేనని ఏదో చెబుతున్నాను. మధ్యలో ముందు వరసలోని పిల్ల లేచింది.

“మేడం, వాండ్ల కొట్టాలు వాండ్లే కాల్చుకున్యారంట గదా? కేసు పెట్టేదానికి. మా జేజి చెప్పింది.”

అబద్ధం చెప్పే పిల్ల కాదు. వాళ్ల నానమ్మ దగ్గర విన్నది చెప్పింది. కిటికీ పక్క వరసలో వాడ పిల్లలు నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒకమ్మాయి తల వంచుకుని స్కేలుతో నోటుపుస్తకంలో గీతలు కొడుతూ పోయింది, అవసరం లేని గీతలు, పేజీ నిండేదాకా.

“అది తర్వాత మాట్లాడుకుందాం, కూర్చో” అన్నాను. ద్వేషం పోగొట్టే క్లాసులో నేను పలికిన మాట అది.

నిజం నాకు తెలుసు. నేను చూశాను.

ఆ ఏడాది వానలు లేవు. ఊళ్లో వేసిన బోర్లన్నీ ఒట్టిపోయాయి. వాడలో గవర్నమెంటు వేసిన బోరింగులో మాత్రం నీళ్లు పడ్డాయి. ఊరి ఆడవాళ్లు బిందెలు తీసుకుని వాడకు పోవాల్సి వచ్చింది. వాడ వాళ్లు కాదనలేదు, వరసలో నిలబడమన్నారు, అంతే. ఆ వరసే ఊరికి మింగుడు పడలేదు. ఒకరోజు మధ్యాహ్నం, నాయనా నేనూ మిద్దె మీద విత్తనానికి దాచిన చెనక్కాయలు ఆరబోస్తుంటే, ఒక గుంపు వీధిలో పోవడం కనిపించింది. కర్రలు, గొడ్డళ్లు, కిరసనాయిలు డబ్బాలు. ఎవరూ అరవడం లేదు. పనికి పోతున్నట్టే పోతున్నారు. కాసేపటికి వాడ వైపు నుంచి పొగ లేచింది. నాయన నన్ను పిట్టగోడ కింద పడుకోమని, తాను నిలబడి చూశాడు. చూస్తూ, గుర్తుపట్టిన వాళ్ల పేర్లు గొణుక్కుంటూ పోయాడు. అందరూ మా వాళ్లే. తర్వాత నన్ను కిందికి లాక్కొచ్చి వాకిలికి గొళ్లెం పెట్టాడు. పెట్టిన కాసేపటికే ఎవరో తలుపు కొట్టారు. ఆడమనిషి గొంతు. “అన్నా, తలుపు తీయన్నా.” మూడుసార్లు అన్నది. నాయన గొళ్లెం మీద చేయి పెట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. నాలుగోసారి గొంతు వినిపించలేదు.

కోర్టులో నాయన సాక్షి. ఆ రోజు కల్యాణదుర్గం సంతకు పోయాననీ, తానేమీ చూడలేదనీ చెప్పాడు. అందరూ అట్లాంటివే చెప్పారు. కేసు కొట్టేశారు.

అర్జీ మీద గ్రామసభ పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేసి పెట్టారు. ఊరి వాళ్లు కుర్చీల్లో, వాడ వాళ్లు వెనక ఎండలో. నాయనను నేనే చేయి పట్టుకుని తీసుకుపోయాను. పెద్దవాళ్లంతా రావాలని సర్పంచి కబురు పెట్టాడు. సర్పంచి నాకంటే చిన్నవాడు. వాళ్ల నాయన ఆ కేసులో ముద్దాయి, చనిపోయి చాలా ఏళ్లయింది.

“రాయి నాటొద్దని ఎవురూ అనల్యా” అన్నాడు సర్పంచి, మర్యాదగానే. “నాటుదాం. ఆ మాట ఒగటి మార్చండి. గొడవ అని రాయండి. గొడవన్న్యాక రెండు పక్కలా నష్టముంటాది.”

అర్జీ రాసిన అమ్మాయి లేచింది. “రెండో పక్క ఎవురు సచ్చిపోయినారన్నా? ఒగ పేరు చెప్పు.”

కుర్చీల్లోంచి ఒకాయన అన్నాడు. “మా గడ్డివామి కాలిపోలేదా?”

ఆయన ఎగతాళికి అనలేదు. నిజంగానే బాధతో అన్నాడు. నలభై ఏళ్లు దాటినా ఆయనకు ఆ గడ్డివామి గుర్తుంది.

ఇంకొకాయన అన్నాడు. “ఊచకోత అని రాతి మీద రాస్తే, రేపు మా మనవళ్లు దాన్ని చదువుతారు. బడికి పోయే దోవ గదా అది. వాండ్లు ఏం తప్పు చేసినారప్పా?”

అవ్వ కర్ర పట్టుకుని లేచింది. గట్టిగా మాట్లాడలేదు.

“గొడవంటే ఇద్దరు కొట్టుకునేది గదప్పా. నా కొడుకు బోరింగు కాడ నీళ్లు పట్టుకుంటాండె. వాని చేతిలో బిందె ఉండె. బిందె పట్టుకోని వాడు ఏం గొడవ చేస్తాడు?”

“చూసినోళ్లెవరవ్వా?” అన్నాడు సర్పంచి. “కోర్టే కొట్టేసింది గదా.”

అవ్వ కుర్చీల వైపు చూసింది. ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి మా నాయన దగ్గర ఆగింది.

“చూసినోళ్లు ఉండారు. ఈయప్ప ఇంటి వాకిలి కొట్టినా నేను. తలుపుకి ఆపక్క మనిషి ఊపిరి పీల్చే సప్పుడు ఇనపడింది నాకు.”

నాయన తల ఎత్తలేదు. “నేను ఊళ్లో ల్యా” అన్నాడు. “సంతకు పోయినా. కోర్టులో కూడా అదే చెప్పినా.”

నేను లేచి నిలబడ్డాను. ధైర్యం వచ్చి కాదు. ఆ గొంతు ఎవరిదో అన్నేళ్ల తర్వాత తెలిసి, కూర్చోలేక లేచాను.

“నువ్వు సంతకు పోలేదు నాయనా. మనిద్దరం మిద్దె మీద ఉండాం. గొళ్లెం పెట్టింది నువ్వు. నేను నీ పక్కనే ఉండా.”

నాయన నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. దారిన పోయే మనిషిని చూసినట్టు చూసి, సర్పంచి వైపు తిరిగాడు.

“దానికి అప్పుడు పదేండ్లు. జరమొచ్చి పండుకోనుండె. ఏదో కల కనింటాది.”

కుర్చీల్లో నవ్వులు వినిపించాయి. పెద్ద నవ్వులేం కావు. బిగబట్టిన ఊపిరి వదిలినట్టు, హమ్మయ్య అన్నట్టు నవ్వారు. వెనక ఎండలో నిలబడ్డవాళ్లు నవ్వలేదు. ఆ నవ్వు తగ్గేలోగా కార్యదర్శి తీర్మానం రాసేశాడు. ‘గతంలో జరిగిన దురదృష్టకర ఘటన’ జ్ఞాపకంగా పంచాయతీ ఆఫీసు ఆవరణలో శాంతి శిల ఒకటి పెట్టాలి. పేర్లు అక్కర్లేదు. వాడ వాళ్లు అది మాకొద్దని లేచి వెళ్లిపోయారు. వాళ్లు ఒప్పుకోలేదు కాబట్టి ఆ శిల కూడా ఈరోజుకీ పెట్టలేదు.

ఇంటికొచ్చి నాయనకు సంగటి, పప్పు పెట్టాను. చాలాసేపు కలుపుతూ కూర్చున్నాడు.

“ఏంటికి అట్ల చెప్పినావు నాయనా?” అని అడిగాను.

“తలుపు తీసింటే ఆ పొద్దు మనింటికీ వచ్చేటోళ్లు. నువ్వు ఉండావు, మీయమ్మ ఉండె.”

“అది ఆ పొద్దు. ఈ పొద్దు ఏం భయం?”

ఆయన ముద్ద పక్కన పెట్టాడు. “ఆ కుర్చీల్లో కూచున్న్యోళ్లే గదమ్మా రేపు నన్ను మోసేది. వాండ్లు రాకపోతే నువ్వు మోస్తావా?”

అంతా తెలిసి నలభై ఏళ్లు నోరు మూసుకున్నదాన్ని, ఆయన్ని ఏమని నిలదీయను? కంచం తీసుకుపోయి కడిగాను. మరుసటి రోజు నుంచి మా ఇద్దరి మధ్యా మందులు, నీళ్లు, అన్నం వరకే మాటలు. ఆయనతో ఒకే ఇంట్లో ఉండి, ఒకే పొయ్యి మీద వండుకుని, ఆయన దగ్గుతుంటే వీపు నిమురుతూ, ఆయన్ని క్షమించలేక ఎట్లా బతకాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.

ఆ ఏడాది అంతో ఇంతో చెనక్కాయ పండింది. చెట్లు పీకే పనికి ఎప్పుడూ వాడ ఆడవాళ్లనే పిలుస్తారు. ఆసారి పిలవలేదు. పక్క మండలం నుంచి ఆటోల్లో కూలీలను దించారు. ఎవరూ కట్టడి పెట్టలేదు, దండోరా వేయలేదు. ఎవరిని అడిగినా “మాకు ముందే మాటైపోయింది” అనేవాళ్లు. వాడ వాళ్ల మేకలను బీళ్లలోకి రానివ్వడం మానేశారు. నెల తిరిగేసరికి వాడలో సగం ఇండ్లకు తాళాలు పడ్డాయి. పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని బెంగళూరుకు, కట్టడం పనులకు పోయారు.

స్కూల్లో శనివారం క్లాసు మాత్రం ఆగలేదు. డిసెంబరులో పెద్ద ఫొటో తీయాల్సి వచ్చింది. పిల్లలందరూ కుడిచేయి చాచి, ఎవరినీ ద్వేషించబోమని ప్రతిజ్ఞ చేస్తున్నట్టు. కిటికీ పక్క వరస ఖాళీ. హెడ్మాస్టరు వచ్చి చూసి, ఖాళీ కనబడకుండా మిగిలిన పిల్లల్ని దూరం దూరంగా జరిపించాడు. ఆ ఫొటో పంపాం. మండలంలో మాకే మొదటి బహుమతి వచ్చింది. బహుమతి అందుకోవడానికి నన్నే పంపారు, క్లాసు నాది కాబట్టి. పోయి తీసుకున్నాను.

సంక్రాంతి సెలవులకు ముందు ఒక మధ్యాహ్నం, పిల్లలు అన్నాలు తింటుండగా, అవ్వ స్కూలు వరండాకు వచ్చింది. అంత దూరం నడిచి ఆయాసపడుతోంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మెట్టు మీద కూర్చుంది. నేనూ పక్కనే కూర్చున్నాను.

“అర్జీ వాపసు తీసుకుంటాండాం పాపా. కాయితం రాసియ్యి.”

“నీ మనవరాలు లేదా అవ్వా?”

“అది రాయనన్యాది. రాస్తే నన్ను చూడనని చెప్పి అనంతపురం పోయింది. మాట్లాడేది ల్యాదు.” కొంగుతో మొహం తుడుచుకుంది. “సర్పంచి చెప్పిపంపినాడు. కాయితమిస్తే ఎండాకాలం పనికి పిలుస్తారంట. ఉండే నాలుగిండ్లోళ్లు నన్ను చూస్తాండారు. సచ్చింది నా మొగుడు, నా కొడుకు. వాండ్లకేం సంబంధం? నా పేర్లకోసరం వాండ్లు పస్తులుండాల్నా?”

“అవ్వా, ఆ రోజు నేను...”

“నువ్వు ఆ పొద్దు లేసి నిలబడకపోయింటే బాగుండు” అన్నది. తిట్టినట్టు కాదు, ఉన్నదే చెబుతున్నట్టు. “ముసిల్ది ఏదో వాగిందని ఇడిసిపెట్టేటోళ్లు. నువ్వు మాట్లాడినంక వాండ్లకు భయం పట్టుకున్యాది. ఊరోళ్ల పిల్లే చెప్పింది గదా, ఇంగా ఎవురెవురు చెబుతారో అని.”

స్టాఫ్ రూములోంచి తెల్లకాగితం తెచ్చాను. కారణం ఏమని రాయమంటావని అడిగితే, నీకు తెలిసినట్టు రాయి, చదువుకున్నదానివి అన్నది. ‘మా సొంత ఇష్టంతో, ఎవరి ఒత్తిడీ లేకుండా’ అని రాశాను. నాలుగు వాక్యాలు. చదివి వినిపించాను. ‘ఊచకోత’ అన్న మాట ఎక్కడా లేదు. ‘గొడవ’ కూడా లేదు. ‘సదరు విషయం’ అని రాశాను. అవ్వ స్టాంపు ప్యాడు మీద వేలు అద్ది ముద్ర వేసింది. “ఇది చెల్లుతాదా?” అని అడిగింది. చెల్లుతుందని చెప్పాను.

ఎండాకాలం వాడ వాళ్లను పనికి పిలిచారు. అవ్వ అప్పటికి లేదు. చిన్నకొడుకు బెంగళూరు నుంచి వచ్చి తీసుకుపోయాడు, అక్కడి రేకుల షెడ్డులో ఫిబ్రవరిలో పోయింది. శవాన్ని ఇంత దూరం తేలేక అక్కడే పూడ్చారని విన్నాను.

మనవరాలికి రెండుసార్లు ఫోను చేశాను. మూడోసారి ఎత్తింది.

“మేడం, మా అవ్వ కాయితం మీరే రాసిచ్చినారంట గదా?”

అవునన్నాను. ఇంకేదో చెప్పబోయాను, ఏం చెప్పబోయానో నాకే గుర్తులేదు. ఆ అమ్మాయి సరే అని పెట్టేసింది.