రెక్కలో సిమెంటు

దువ్వాడ దగ్గర ఒక షెడ్డులో మిత్రులం నలుగురం ఆదివారాలు పాత నేవీ విమానాన్ని మళ్లీ ఎగిరేలా బాగుచేస్తున్నాం. ఒకరోజు రెక్క మీది రేకు విప్పగానే ఎలుకల కంపు గుప్పుమంది. ముక్కుకు తువ్వాలు కట్టుకుని గూళ్లు లాగి పారేశాను. వాటి వెనక, రెక్క బరువంతా మోసే, ఉప్పుగాలి తినేసిన దూలానికి ఎవరో సిమెంటు మెత్తి వెండిరంగు పూశారు. విమానాన్ని పార్కులో బొమ్మలా నిలబెట్టినప్పటి పని అది. 

మాలో రంగులు చూసుకునే మిత్రుడు తొంగిచూసి, "మనమూ ఇంత పుట్టీ పెట్టి రంగేసేద్దుం బావ. లోపలికెల్లి ఎవలు సూత్తారు?" అన్నాడు.

"ఎగిరినప్పుడు నువ్వు కూకుంటావేటి ఇందులో?" అని అడిగాను.

"నానెందుకు, పైలట్ ఉంటాడు కదా" అని నవ్వాడు.

ఆ నవ్వు ముందు ఎలుకల కంపే నయమనిపించింది. అతన్ని మళ్లీ రావద్దన్నాం. మిగిలిన ముగ్గురం ఆ రెక్కను పూర్తిగా ఊడదీసి, కొత్త దూలం కోసం వెతకడం మొదలుపెట్టాం.